పదమూడో రీలు

ఆ సినిమా పేరు చెప్పను. చెబితే మీరు ఫోన్లో వెతికి చూసేస్తారు, నేను ముప్పై ఏళ్ళపాటు ఎంత అమాయకంగా బతికానో తెలిసిపోతుంది. అయినా పేరుతో పనిలేదు. ఆ కాలం సినిమాలన్నిటిలాగే అందులోనూ రెండు కుటుంబాలు, ఒక పగ, ఒక పెళ్ళి, ఒక మంచి తల్లి ఉంటారు.

మొన్నటి వేసవి సంగతి ఇది. రాజాంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను నేను. మే నెలంతా రానక్కర్లేదన్నారు. సెలవులంటే అందరికీ సంబరం, నాకు మాత్రం గుబులు. ఇంట్లో ఉండేది నేనూ, మా మేనత్త కూర్మమ్మా. అత్తకి ఒక చెవి వినపడదు, రెండోది ఆవిడకి ఇష్టమైనప్పుడు వినపడుతుంది. నాకు ఒకసారి పెళ్ళయింది, రెండేళ్ళకి తిరిగి వచ్చేశాను. అది వేరే కథ, అంత గొప్పది కూడా కాదు.

పొద్దున్నే చోడి అంబలి కాచి, అత్తకి మందులిచ్చి, గిన్నెలు తోమేసి చూస్తే ఇంకా తొమ్మిది కూడా అయ్యేది కాదు. ఆ తర్వాత రోజంతా అలాగే మిగిలి ఉండేది. ఒకరోజు కూరలబండి దగ్గర బెండకాయల ధర అడగబోతే గొంతు పెగల్లేదు. అంతకుముందు రెండు రోజులు అత్తతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంటికొచ్చి కాసేపు ఊరికే ఏడ్చాను.

ఆ సాయంత్రమే దేవి ఫోన్ చేసింది. దేవి నాతో డిగ్రీ చదివింది, ఇప్పుడు బొబ్బిలిలో జాకెట్లు కుడుతుంది.

"ఏడింటికి కాళీయేనేటే?" అంది.

"ఏడింటికేటి, నాకెప్పుడూ కాళీయే."

"అయితే లింకు పంపతన్నాను, నొక్కు. సినిమాల ఆట. మాకు సినిమాలు సూసినోలు కావాల. నువ్వు ఆపరేటర్ జోగయ్య కూతురివి, నీకన్నా బాగా ఎవులాడతారు?"

నొక్కాను. ఆట విజయనగరంలో స్కూలు టీచరైన మహతి నడుపుతోంది. ఎనిమిది తొమ్మిది మందిమి. దేవి తప్ప మిగతావాళ్ళ మొహాలు నేనెప్పుడూ చూడలేదు. ఒకరు ఒక సీను వర్ణించో, నాలుగు చిన్న బొమ్మలు పెట్టో ప్రశ్న అడుగుతారు. మిగతావాళ్ళు అది ఏ సినిమానో, ఆ తర్వాతి డైలాగేమిటో చెప్పాలి. అర నిమిషం గడువు. తెర మీద ఎర్రటి చక్రం ఒకటి కరుగుతూ వస్తుంది, అది మాయమయ్యాక ఎంత మంచి జవాబు రాసినా లెక్కలోకి రాదు. ప్రశ్న అడిగినవాళ్ళు దయతలిస్తే తప్ప. మహతి ఎప్పుడూ తలిచేది కాదు. "ఆలస్యమంటే ఆలస్యమే" అని రాసి ముందుకెళ్ళిపోయేది. బళ్ళో పిల్లల్ని కూడా ఇలాగే ఏడిపిస్తుందేమో అనుకునేదాన్ని.

గురువారాలు టీవీ సీరియళ్ళ మీద. ఆ రోజు అత్తని పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. వినపడే చెవి దగ్గర ప్రశ్న చదివితే, ఆవిడ వక్క నములుతూ, "ఆ కోడలు సచ్చిపోలేదే. మొకం మార్చుకుని మల్లీ వొస్తాది, రాయి" అనేది. రాస్తే రైటయ్యేది. గురువారాలు నేనే ఫస్టు.

పేరు దగ్గర "సుహాసిని రాజాం" అని పెట్టుకున్నాను. ప్రతి ఆదివారం దేవి మార్కుల పట్టికని ఫొటో తీసి, ఆట లింకుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టేది. నా పేరు పైవరసలో కనిపిస్తే నాకు చిన్నపిల్లలా సంతోషంగా ఉండేది. ఎవరో ఒకరు నా పేరు చదువుతున్నారు కదా అని.

రెండో వారంలో కొత్త మనిషి చేరాడు. పేరు "బెంచీ క్లాసు". ఫొటో లేదు. వచ్చీరాగానే అందరినీ దాటేశాడు. పాత సినిమాలైతే మేం ప్రశ్న చదవడం పూర్తయ్యేలోపు జవాబు పడేది. కబుర్లు మాత్రం లేవు. ప్రశ్న అడిగే వంతు వస్తే "పాస్" అని రాసేవాడు. ఒకసారి నేనే పలకరించాను. "బెంచీ క్లాసు గారూ, మీదే ఊరండీ?"

"పాస్" అని రాశాడు.

దేవి నవ్వు బొమ్మలు పెట్టింది. నాకు కాస్త చిన్నతనం వేసింది కానీ, మర్నాడు ఏడయ్యేసరికి ఆ పేరు కోసమే ముందు చూశాను. మాట్లాడని మనిషి పక్కన కూర్చున్నా ఒక తోడే.

మా నాన్న ఇరవై ఆరేళ్ళు పాలకొండ రోడ్డులో సినిమా హాలు ఆపరేటర్. ఆ హాలు ఇప్పుడు లేదు, కల్యాణ మండపం కట్టేశారు. విజయనగరం నుంచి బస్సు మీద ప్రింటు పెట్టె వచ్చేది. మొదటి ఆటకి ముందు నాన్న ఖాళీ హాల్లో సినిమా మొత్తం ఒకసారి వేసి చూసుకునేవాడు, ఎక్కడైనా తెగిందేమోనని. దాన్ని ట్రయల్ అనేవారు. ఆ ట్రయల్‌కి హక్కుదారులం మేమిద్దరమే. నేనూ, మా అన్న త్రినాథూ. క్యాబిన్‌లో స్టూలెక్కి గోడకున్న చిన్న కంతలోంచి నేను చూసేదాన్ని. అన్న నా కాళ్ళు పట్టుకునేవాడు, పడిపోతానని.

అన్నతో నేను మాట్లాడి ఆరేళ్ళయింది.

నాన్న పోయింది కూడా మే నెలలోనే. అన్న చెన్నైలో డబ్బింగ్ స్టూడియోలో పనిచేసేవాడు. కబురు పెట్టాం. ఎండలు మండుతున్నాయి, ఒక రాత్రీ ఒక పగలూ చూశాం, ఇంక ఉంచడానికి లేదన్నారు. అంతా అయిపోయిన మర్నాడు పొద్దున్న అన్న సంచితో గుమ్మంలోకి వచ్చాడు. వీధిలో వాళ్ళందరూ ఉన్నారు. నేను అడ్డంగా నిలబడి అన్నాను:

"అంతా అయిపోనాక వొచ్చినావు. ఇంకేటికి? ఎల్లిపో."

అన్న నా మొహం చూశాడు. లోపల గోడవారగా కూర్చున్న అత్తని చూశాడు. సంచి కింద పెట్టనే లేదు, అలాగే వెనక్కి తిరిగాడు. రిజర్వేషన్ దొరక్క జనరల్ బోగీలో, పగలంతా ఎండలో, రాత్రంతా నిలబడి వచ్చాడని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికే నంబరు మారిపోయింది. స్టూడియోకి రాస్తే మానేశాడన్నారు. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలీదు, కానీ వచ్చింది. వాకిట్లో నిలబడ్డప్పుడల్లా నాకు అదే వినపడుతుంది.

అత్త ఆ సంగతి ఎన్నడూ ఎత్తి పొడవలేదు. రోజూ దీపం పెట్టే వేళకి ఒకటే అడుగుతుంది.

"ఆడి ఫోను కలిసినాదా?"

"లేదత్తా."

"ఇంకోపాలి సెయ్యి."

చేసేదాన్ని. ఆ నంబరు లేదని ఒక ఆడగొంతు మూడు భాషల్లో చెప్పేది. అత్తకి వినపడే చెవి వైపు పెట్టకుండా జాగ్రత్తపడేదాన్ని.

మే నెల మధ్యలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ఆట మొదలై పది నిమిషాలు కాలేదు, కరెంటూ పోయింది, సిగ్నలూ పోయింది. మామిడికాయలు రాలి రేకుల మీద పడుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. అరగంటకి సిగ్నల్ తిరిగొచ్చేసరికి అయిదు ప్రశ్నలు దాటిపోయాయి. పట్టికలో నా పేరు పక్కన అయిదు సున్నాలు. బెంచీ క్లాసు పేరు పక్కనా అవే అయిదు సున్నాలు. అంతకుముందూ ఆ తర్వాతా అన్నీ రైటే.

మర్నాడు దేవితో అన్నాను, "ఆ బెంచీ క్లాసు మనేపు మడిసేనే. నిన్న ఆడికీ కరెంటు పోనాది."

"బొబ్బిల్లో పోలేదు, ఇజీనారంలో పోలేదు. మీ రాజాం ఒక్క దగ్గరే పోనాది," అంది దేవి. నేను దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు. ఆలోచించి ఉండాల్సింది.

ముప్పయ్యో తారీఖు వచ్చింది. మర్నాటితో ఆట ఆఖరు. బెంచీ క్లాసు ముందున్నాడు, ఎనిమిది పాయింట్ల వెనక శ్రీనాథ్ అని సాలూరు కుర్రాడు ఉన్నాడు. మహతి ఆ రోజు ఆఖరి ప్రశ్నగా నేను పేరు చెప్పనన్న సినిమా పెట్టింది.

"పది పాయింట్లు, చాలా సులువు. క్లైమాక్సు పెళ్ళిలో హీరో తల్లి కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఎందుకు?"

నాకు నవ్వొచ్చింది. ఆ సినిమా నేను ట్రయల్‌లో చూశాను. ఏడేళ్ళ వయసు. పెళ్ళి సీను వచ్చింది, తల్లి కనపడలేదు. స్టూలు మీంచి వెనక్కి తిరిగి, "ఆలమ్మేదన్నా?" అని అడిగాను. అన్న ఆ రోజు నా కాళ్ళు పట్టుకోలేదు. ఎందుకో రీళ్ళ పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. అక్కణ్ణించే చెప్పాడు. నాకు తృప్తిగా అనిపించింది, ఎందుకంటే మా అమ్మ కూడా అప్పుడు అక్కడికే వెళ్ళిందని చెప్పారు నాకు.

అందరికన్నా ముందు రాశాను. "పుట్టింటికి వెళ్ళింది."

నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. శ్రీనాథ్ నవ్వాడు, దేవి కూడా నవ్వింది. "సుహాసిని గారూ, మీరు ఏ సినిమా చూశారండీ?" అని రాసింది మహతి. అందరూ ఒకే జవాబు రాశారు, చనిపోయింది అని. నా చెవులు వేడెక్కాయి. చక్రం దాదాపు కరిగిపోయింది. అప్పుడు బెంచీ క్లాసు జవాబు పడింది.

"పుట్టింటికి వెళ్ళింది."

నవ్వు బొమ్మలు ఆగిపోయాయి. తర్వాత మహతి రాసింది: "ఇద్దరూ తప్పే. అంతకుముందే తల్లి చనిపోతుంది, సినిమాకి అదే కీలకం. బెంచీ క్లాసు గారూ, మీరు కూడానా? శ్రీనాథ్ ముందుకెళ్ళాడు." బెంచీ క్లాసు అప్పటికే బయటికి వెళ్ళిపోయాడు.

మొదట నాకు కోపం వచ్చింది. నన్ను వెక్కిరించడానికి రాశాడనుకున్నాను. కానీ ఇన్ని రోజుల్లో ఒక్క మాట పరాచికం ఆడని మనిషి, ఆఖరి రోజు ముందు గెలిచే ఆట పోగొట్టుకుని మరీ వెక్కిరిస్తాడా?

ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. అత్త మామిడిపండు కోస్తోంది.

"అత్తా, ఆ సినిమాలో తల్లి సచ్చిపోద్దా?" అని పేరు చెప్పి అడిగాను.

"సచ్చిపోదేటి మరి. ఊరు ఊరంతా ఏడిసినారు. నాను రెండుపాల్లు సూసినాను, రెండుపాల్లూ ఏడిసినాను."

"నాను సూసినప్పుడు సచ్చిపోలేదే."

అత్త కత్తి పక్కన పెట్టింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"నీకెలగ తెలస్తాది. నీకు ఆ రీలు ఎయ్యలేదు మీ నాన్న. పదమూడోది. పెట్టిలోనే ఉంచీసి, పన్నెండు కాన్నుంచి పద్నాలుక్కి ఎల్లిపోనాడు. మీయమ్మ ఇశాపట్నం ఆస్పత్రిలో పోయి అప్పటికి నెల్లాల్లు అవలేదు. నీకింకా సెప్పలేదు. పొందూరెల్లింది, పుట్టింటికెల్లింది అంతన్నాం. బడి తెరిసినాక కదా నీకు తెలిసింది."

"అన్నకి?"

"ఆడికి తెలీకపోడమేటి. పదేల్లోడు. నువ్వు సూసి, ఆ రీలేటి ఎయ్యలేదూ అని అడుగుతావేమోనని, సినిమా అయినంతసేపూ పెట్టి మీదే కూకున్నాడంట. మీ నాన్న ఆ రోజు ఇంటికొచ్చి అది సెప్పి ఏడిసినాడు."

నేను వంటింటి గడప మీద కూర్చుండిపోయాను. ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా అన్న ఛానెల్ మార్చేసేవాడు. నాకు చిరాకేసి పోట్లాడేదాన్ని. ఎన్నిసార్లు పోట్లాడానో. ఒక్కసారి కూడా ఎందుకో చెప్పలేదు. ఆ సినిమాకి ఆ ముగింపు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నాకు చెప్పినవాడు ఒక్కడే, విన్నదాన్ని నేనొక్కదాన్నే. తల్లి చచ్చిపోయిందని తెలిసిన మనిషి, డబ్బింగ్ స్టూడియోలో బతికిన మనిషి, అందరూ నన్ను చూసి నవ్వుతుంటే మళ్ళీ అదే మాట రాశాడు.

కరెంటు పోయిన రోజు సున్నాలు కూడా అప్పుడే అర్థమయ్యాయి. ఆ సాయంత్రం అన్న రాజాం దగ్గర్లోనే ఉన్నాడు.

మర్నాడు పగలంతా ఎలా గడిచిందో చెప్పలేను. ఆ ఆటలో ఎవరికీ విడిగా రాసే వీలు లేదు, ఏం రాసినా అందరూ చదువుతారు. "అన్నా" అని రాసి ఎన్నిసార్లు చెరిపేశానో లెక్కలేదు. అది చూసి అన్న ఇంక రాకపోతే ఏమిటన్నదే నా భయం. పోయిన నంబరు ఒకసారి పోయింది, ఈ పేరు కూడా పోతే ఇంక నాకు దారి లేదు. అత్తకి ఏమీ చెప్పలేదు. చెప్పాక అతను రాకపోతే ఆవిడ తట్టుకోలేదు.

ఏడయింది. పేరు లేదు. ఏడూ పది, లేదు. ఆఖరి రోజు కాబట్టి ప్రతివాళ్ళూ ఒక ప్రశ్న అడగాలి. దేవి అడిగింది, శ్రీనాథ్ అడిగాడు, నేను ఏదో అడిగాను, ఏం అడిగానో ఇప్పుడు గుర్తులేదు. ఏడున్నర దాటాక పట్టికలో బెంచీ క్లాసు పేరు వెలిగింది.

"వచ్చారా? మీ వంతే మిగిలింది. ఎలాగూ పాసే కదా, ముగించేస్తున్నాను," అని రాసింది మహతి.

"లేదు. ఈసారి అడుగుతాను."

దేవి చప్పట్ల బొమ్మ పెట్టింది. ప్రశ్న రావడానికి చాలాసేపు పట్టింది. రాస్తున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ రాస్తున్నాడు. తర్వాత పడింది.

"సీను. అంతా అయిపోయాక అన్న ఇంటికి వస్తాడు. చేతిలో సంచి ఉంది. గుమ్మంలో చెల్లెలు. చెల్లెలి డైలాగు ఏమిటి?"

చక్రం కరగడం మొదలుపెట్టింది. "ఏ సినిమా?" అని అడిగాడు శ్రీనాథ్. "ఇంకా రిలీజ్ కాలేదు," అని జవాబు. ఎవరో ఏదో పాత డైలాగు రాశారు. దేవి "ఎందుకొచ్చావు?" అని రాసింది. ఏ జవాబుకీ అతను రైటు ఇవ్వలేదు.

అసలు జవాబు నాకు తెలుసు. ఆ రోజు నేనన్న మాట ఒక్క అక్షరం మర్చిపోలేదు. కానీ అడుగుతున్నది అది కాదని తెలుసు. క్షమించు అని రాశాను, చెరిపాను. సినిమా డైలాగులా ఉంది. తప్పు నాదే అని రాశాను, చెరిపాను. నాన్న చేతి కింద అన్ని సినిమాలు చూసి పెరిగాను, ఒక్క మాట దొరకలేదు. చక్రం సన్నటి గీతంత మిగిలింది. వంటింట్లోంచి అత్త కేకేసింది.

"ఒసే సుహాసీ, కూడు సల్లారిపోతంది. లోపలికి రా."

నేను అదే రాశాను. ఎలా విన్నానో అలాగే, మా ఇంటి మాటల్లోనే. కూడు సల్లారిపోతంది, లోపలికి రా. పంపేసరికి చక్రం లేదు. నా జవాబు పక్కన గడువు ముగిసిందని ఎర్రగా పడింది. రెండు సెకన్లు దాటిపోయింది.

"ఆలస్యమంటే ఆలస్యమే సుహాసిని గారూ," అని రాసింది మహతి.

నేను ఆ ఎర్ర అక్షరాలు చూస్తూ కూర్చున్నాను. ఒక రోజు ఆలస్యమైందని గుమ్మంలోంచి పంపేసినదాన్ని నేను. దయ తలచమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుదామనే అనుకున్నాను. ఈలోగా అతనే రాశాడు.

"ప్రశ్న నాది. ఆలస్యమైనా రైటే. పది పాయింట్లు ఇవ్వండి."

అత్త చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఎన్నిపాల్లు పిలవాలే? ఏటి, ఏడస్తన్నావేటి?"

"అన్నత్తా," అన్నాను ఫోను చూపించి. "అన్న ఇక్కడున్నాడు."

అత్త నా పక్కన నెమ్మదిగా కూలబడింది. ఆవిడకి చదువు రాదు. ఆ వెలుతురు వైపు చూసింది, వినపడే చెవి నా వైపు తిప్పింది.

"ఏటంతన్నాడు?"

"నాకు పది పాయింట్లు ఇచ్చినాడు."

"పాయింట్లేటికే మనకి. ఏ బస్సుకొస్తాడో అడుగు."

మహతి, శ్రీనాథ్, దేవి, అందరూ చూస్తుండగా అదే అడిగాను. ఆ ప్రశ్నకి మా అన్న పాస్ అనలేదు.